పతకం వెనక్కి ఇచ్చేసిన రస్టీ

మొన్న ఆదివారం హాస్టల్ వెనకాల మేము పట్లు పట్టుకొని ఆడుకుంటుంటే పదో తరగతి అక్క ఒకామె చూసి, "ఆడపిల్లలకి కుస్తీలేంటే, చెయ్యో కాలో విరిగితే ఎవరు చేసుకుంటారే" అంది. అందరం నవ్వేశాము. కానీ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అందుకే ఈసారి గోడ పత్రికకి రస్టీ కనోకోగి గురించి రాస్తున్నాను. పీఈటీ మేడమ్ చెప్పగా విని, తర్వాత కంప్యూటర్ గదిలో చదివి తెలుసుకున్నాను.

ఆమె అసలు పేరు రేనా గ్లిక్‌మన్. 1935లో అమెరికాలోని న్యూయార్కు నగరంలో, బ్రూక్లిన్ అనే చోట పుట్టింది. రస్టీ అన్నది వాళ్ల వీధిలో ఒక కుక్క పేరట, నవ్వకండి. పేదరికం వల్ల చిన్నప్పుడే పనులకి పోయింది. వీధిలో ఆడపిల్లల ముఠా ఒకటి పెట్టుకొని కొట్లాటలు కూడా ఆడింది. 1955లో ఒక స్నేహితుడు జూడో పట్టు ఒకటి చూపించాడు. అప్పటి నుంచి ఆమెకి అదే లోకం.

జూడో అంటే ఏమిటో కొంచెం చెప్తాను. దీన్ని జపాన్‌లో జిగోరో కానో అనే గురువు 1882లో మొదలుపెట్టారు. ఆయన బడి పేరు కొడోకాన్. ఇందులో గుద్దడం, తన్నడం ఉండవు. ఇద్దరూ మందపాటి అంగీలు వేసుకొని ఒకరి అంగీ ఒకరు పట్టుకుంటారు. ఎదుటివాళ్లు తోస్తే మనం ఎదురు తోయకూడదు, వాళ్లు తోసిన వైపుకే లాగాలి. అప్పుడు వాళ్ల బలమే వాళ్లని పడేస్తుంది. వీపు నేలకి ఆనేలా జోరుగా పడేస్తే "ఇప్పన్" అంటారు, ఆట అక్కడితో అయిపోయినట్టే. లేకపోతే వెల్లకిలా పడేసి 20 సెకన్లు కదలకుండా అదిమి పట్టాలి.

అయితే మొదట నేర్పేది పడేయడం కాదు, పడడం. గడ్డం ఛాతీకి ఆనించి, చేత్తో నేలని చరుస్తూ పడాలి. అప్పుడు తలకి దెబ్బ తగలదు. నాకిది చదవగానే మా అమ్మ గుర్తొచ్చింది. వానాకాలం కట్టెల మోపుతో కొండ దిగేటప్పుడు జారితే, మోపు వదిలేసి పక్కకి ఒరిగిపో, బిగుసుకోకు అని చెప్తాది. మా అమ్మకి జూడో పేరే తెలీదు.

ఇక అసలు సంగతి. 1959లో న్యూయార్కు రాష్ట్రంలోని యుటికా అనే ఊళ్లో వైఎంసీఏ వాళ్లు జూడో పోటీలు పెట్టారు. రస్టీ జట్టులో ఒకతనికి దెబ్బ తగిలింది. అతని బదులు రస్టీ దిగింది. జుట్టు పొట్టిగా కత్తిరించుకొని, ఛాతీకి గుడ్డ గట్టిగా చుట్టుకొని, మగవాడిలాగా వెళ్లింది. గెలిచింది. జట్టు కూడా గెలిచింది. పతకాలు ఇచ్చాక నిర్వాహకుడు పక్కకి పిలిచి, నువ్వు ఆడదానివా అని అడిగాడు. అవునంది. పతకం వెనక్కి తీసేసుకున్నారు.

మా గదిలో ఒకమ్మాయి, వేషం వేసి ఆడడం మోసం కదా అంది. నేనూ చాలాసేపు ఆలోచించాను. కానీ అడిగినప్పుడు ఆమె అబద్ధం చెప్పలేదు. ఆడిన ఆట కూడా అబద్ధం కాదు, అవతలివాడు నిజంగానే పడ్డాడు. ఎవరు పడేశారో తెలిశాక ఆ గెలుపు చెల్లదన్నారు. నాకు మోసం అదే అనిపించింది.

1962లో రస్టీ జపాన్ వెళ్లి కొడోకాన్‌లో చేరింది. అక్కడ ఆడవాళ్లకి వేరుగా నేర్పేవారు. వాళ్లలో ఈమెకి సరిజోడు దొరకలేదు. దాంతో మగవాళ్లతో కలిసి సాధన చేయనిచ్చారు. అలా అనుమతి దొరికిన మొదటి స్త్రీ ఈమే. అక్కడే పరిచయమైన ర్యోహెయ్ కనోకోగి అనే జూడో ఆటగాణ్ని పెళ్లి చేసుకుంది. మళ్లీ బ్రూక్లిన్ వచ్చి పిల్లలకి నేర్పింది.

మగవాళ్ల జూడో 1964లోనే ఒలింపిక్స్‌లో వచ్చింది. ఆడవాళ్లకి మాత్రం ప్రపంచ పోటీలు కూడా లేవు. రస్టీ తన ఇల్లు తాకట్టు పెట్టి 1980లో న్యూయార్కులో ఆడవాళ్ల మొదటి ప్రపంచ పోటీలు జరిపించింది. ఇల్లు తాకట్టంటే ఏమిటో మన ఇళ్లలో అందరికీ తెలుసు. ఒలింపిక్స్ వాళ్ల మీద కోర్టుకి వెళ్తానని కూడా అంది. 1988లో సియోల్‌లో ఆడవాళ్ల జూడోని ప్రదర్శనగా పెట్టారు. అప్పుడు అమెరికా అమ్మాయిల జట్టుకి శిక్షకురాలు రస్టీయే. 1992లో బార్సిలోనాలో అసలు పతకాలు ఇచ్చారు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో మన దేశం నుంచి జూడోకి వెళ్లింది ఒక్కరే, మణిపూర్ అమ్మాయి సుశీలాదేవి.

2009 ఆగస్టులో, అంటే సరిగ్గా 50 ఏళ్ల తర్వాత, వైఎంసీఏ వాళ్లు రస్టీని పిలిచి బంగారు పతకం ఇచ్చారు. అప్పటికి ఆమెకి 74 ఏళ్లు, క్యాన్సర్‌తో ఉంది. ఆ నవంబరులోనే చనిపోయింది.

వార్డెన్ మేడమ్ గారికి ఒక విన్నపం. స్టోర్ రూములో చిరిగిన పరుపులు ఆరు పడున్నాయి. మేము కుట్టుకుంటాము, సూది దారం మా దగ్గరే ఉన్నాయి. ఆదివారం సాయంత్రం ఒక గంట వాటి మీద పడడం నేర్పుతానని పీఈటీ మేడమ్ ఒప్పుకున్నారు. పేర్లు ఇప్పటికి పదకొండు వచ్చాయి. పన్నెండో పేరు ఆ పదో తరగతి అక్కది రాయాలని చూస్తున్నాను, ఇంకా ఒప్పుకోలేదు.

— 9వ తరగతి విద్యార్థిని