తేడా కంటిది కాదు, రెప్పది

సూర్యాపేట, కోదాడ దగ్గర హైవే పక్క హోటళ్లలో, మిర్యాలగూడలో సాయంత్రం పెట్టే నూడుల్స్ బండ్ల దగ్గర నేపాల్ నుంచీ ఈశాన్య రాష్ట్రాల నుంచీ వచ్చిన కుర్రాళ్లు పనిచేస్తుంటారు. వాళ్లను చూసి పిల్లలు అడుగుతారు: "వాళ్ల కళ్లు అంత చిన్నగా ఎందుకుంటాయి?" కసిరి నోరు మూయించాల్సిన ప్రశ్నేం కాదిది. వెక్కిరింతగా మారకముందే జవాబు చెప్పాలి.

అసలు ఆ కళ్లు చిన్నవే కావు. పెద్దవాళ్లలో కనుగుడ్డు ముందు నుంచి వెనక్కి దాదాపు 24 మిల్లీమీటర్లు. ఏ దేశంవాళ్లదైనా కాస్త అటూ ఇటూగా అంతే. తేడా అంతా పై రెప్పలో ఉంది. అద్దంలో చూసుకోండి: వెంట్రుకలకు కొంచెం పైన ఒక గీత కనిపిస్తుంది. రెప్పను లేపే కండరం నుంచి సన్నటి పోగులు వచ్చి అక్కడ చర్మానికి అతుక్కుంటాయి. కన్ను తెరిచినప్పుడల్లా చర్మం అక్కడే లోపలికి మడత పడుతుంది. తూర్పు ఆసియాలోనూ, ఈ కుర్రాళ్లు వచ్చిన చోట్లలోనూ చాలామందికి రెప్పలోని కొవ్వు ఇంకా కిందిదాకా దిగి ఉంటుంది. దాంతో గీత పడదు, పడినా వెంట్రుకల అంచునే పడుతుంది. దానికి తోడు పై రెప్ప చర్మం ముక్కు వైపు కొసను కప్పుతూ చిన్న మడతగా దిగుతుంది.

ఈ మడత మన ఇళ్లలోనూ ఉంది. మన పసిపిల్లల్లో చాలామందికి కొన్నాళ్లు కనిపిస్తుంది. ముక్కు దూలం ఎదిగి పైకి లేచేకొద్దీ విడిపోతుంది. అది ఉన్నన్నాళ్లూ ముక్కు వైపు తెల్లగుడ్డు కప్పుకుపోతుంది కాబట్టి బిడ్డకు మెల్లకన్నేమోనని తల్లులు కంగారు పడతారు. కంటి డాక్టరు చిన్న టార్చి వేసి చూస్తారు. రెండు నల్లగుడ్లలోనూ వెలుగు చుక్క ఒకే చోట మెరిస్తే మెల్ల లేదన్నట్టే. అనుమానం ఉంటే మాత్రం చూపించాల్సిందే; నిజంగా మెల్ల అయితే ఆలస్యం చేసినకొద్దీ ఆ కంటి చూపు మందగిస్తుంది.

మరి కొన్ని జనాల్లో ఆ మడత పెద్దయ్యాకా ఎందుకు నిలిచింది? మంచు మీది వెలుగు నుంచి, దుమ్ముగాలి నుంచి కాపాడటానికి అని చాలామంది చెబుతారు. వినడానికి బాగుంటుంది కానీ రుజువు కాలేదు. ఉక్కపోతతో ఉడికే ఆగ్నేయాసియాలోనూ, దక్షిణ ఆఫ్రికా సాన్ ప్రజల్లోనూ అదే మడత ఉంది. మంచులో బతికే ఉత్తర ఐరోపావాళ్లలో తక్కువ.

నాకైతే యాదృచ్ఛికత పాలు ఎక్కువనిపిస్తుంది. కొద్దిమంది ఒక గుంపుగా విడిపోయి తమలో తామే పెళ్లిళ్లు చేసుకుంటే, వాళ్లలో ఉన్న ఏ లక్షణమైనా వందల తరాల్లో అందరికీ పాకవచ్చు. దీనికి ఉదాహరణ మన దగ్గరే ఉంది. ఆపరేషన్లలో కండరాలు సడలడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ ప్రభావం మామూలుకంటే చాలాసేపు ఉండిపోయే జన్యులక్షణం ఆర్యవైశ్యుల్లో ఎక్కువ. దానివల్ల వాళ్లకు ఒరిగిందేమీ లేదు. మూలపురుషులు కొద్దిమందే కావడం, పెళ్లిళ్లు లోపలే జరగడం చాలు. 2009లో హైదరాబాద్ సీసీఎంబీ, హార్వర్డ్ శాస్త్రవేత్తలు కలిసి 'నేచర్'లో ప్రచురించిన పరిశోధన మన దేశంలో చాలా సమూహాల కథ ఇలాంటిదేనని చూపింది.

రెప్ప ఆకారం ఒక్క జన్యువు చేతిలో లేదు, చాలా జన్యువులు కలిసి తేలుస్తాయి. అందుకే తూర్పు ఆసియాలో ఒకే ఇంట్లో అక్కకు రెప్ప మీద గీత ఉండి చెల్లెలికి లేకపోవడం మామూలే.