ప్లగిన్ హైబ్రిడ్‌కు ముందు తరాల కార్లు (ఖమ్మం–భద్రాచలం ప్రాంతం)

ఖమ్మం, భద్రాచలం ప్రాంతంలో ప్లగిన్ హైబ్రిడ్ కార్లకు పూర్వం వాడుకలోకి వచ్చిన కార్లను ప్రధానంగా నాలుగు తరాలుగా విభజించవచ్చు. అవి జీపు, అంబాసిడర్, మారుతి 800, మూడు వరుసల సీట్లున్న డీజిలు బండ్లు. ప్లగిన్ హైబ్రిడ్ అనగా పెట్రోలు ఇంజనుతో పాటు, గోడ ప్లగ్గు నుండి ఛార్జి చేసుకోదగిన బ్యాటరీ, విద్యుత్ మోటారు గల కారు. ఈ మార్పు వలన కలిగే లాభం ఎంత అన్నది, యజమాని అంతకుముందు ఏ కారు నడిపాడు, ఏ దారిలో నడిపాడు అన్న వాటిపై ఆధారపడి ఉంటుంది.

ప్రాంతం, రహదారి

భద్రాచలం, నూగూరు తాలూకాలు 1959లో తూర్పు గోదావరి జిల్లా నుండి ఖమ్మం జిల్లాలో కలిశాయి. 2016 అక్టోబరు 11న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడింది. ఖమ్మం నుండి కొత్తగూడెం, పాల్వంచల మీదుగా భద్రాచలానికి రోడ్డు మార్గాన సుమారు 120 కి.మీ. దూరం. భద్రాచలం రోడ్ అనే రైల్వే స్టేషను నిజానికి కొత్తగూడెంలో ఉన్నది. అక్కడి నుండి సుమారు 40 కి.మీ. రోడ్డు ప్రయాణం తప్పదు. భద్రాచలం వద్ద గోదావరిపై వంతెన 1965లో ప్రారంభమైనది. అందువలన ఈ ప్రాంతంలో రోడ్డు వాహనానికి ప్రాధాన్యం ఎక్కువ.

వాహనాల తరాలు

జీపు: మహీంద్రా సంస్థ 1947లో విల్లీస్ జీపుల విడిభాగాలను తెప్పించి మన దేశంలో కూర్చడం ప్రారంభించినది. నేల నుండి ఎత్తుగా ఉండడం, నాలుగు చక్రాలకూ శక్తి అందడం వలన వాగులు, బురద దారులు గల ఏజెన్సీకి ఇది అనుకూలమైనది. తరువాత వచ్చిన డీజిలు జీపులు వారపు సంతలకు మనుషులను, సరుకులను చేరవేశాయి. గిరిజన గ్రామాలలో చాలామందికి కారు ప్రయాణమంటే సొంత బండి కాదు, నలుగురితో పంచుకొన్న జీపే.

అంబాసిడర్: హిందూస్థాన్ మోటార్స్ వారి ఈ కారు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి ఆధారంగా రూపొందినది. పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారా కర్మాగారంలో దీని ఉత్పత్తి 2014లో నిలిచిపోయింది. ప్రభుత్వ కార్యాలయాలకు, టాక్సీలకు ఇది చిరకాలం ప్రధాన వాహనం. దృఢమైన కమ్మీ స్ప్రింగులు, సులభమైన మరమ్మత్తు దీని బలాలు. ఇంధనం ఎక్కువగా తాగడం లోపం.

మారుతి 800: 1983 డిసెంబరు నుండి 2014 జనవరి వరకు ఉత్పత్తి అయినది. 796 ఘన సెం.మీ. మూడు సిలిండర్ల చిన్న ఇంజను. మధ్యతరగతి ఉద్యోగికి సొంత కారు కలను ఇది సాధ్యం చేసినది. కాని నేలకు తక్కువ ఎత్తులో ఉండడం వలన అటవీ దారులకు అంతగా పనికిరాదు.

మూడు వరుసల బండ్లు: టాటా సుమో (1994), టయోటా క్వాలిస్ (2000), మహీంద్రా బొలేరో (2000), టయోటా ఇన్నోవా (2005) ఈ కోవకు చెందినవి. శ్రీరామనవమి, ముక్కోటి ఏకాదశి యాత్రలకు కుటుంబమంతా ఒకే బండిలో వెళ్ళే వీలు వీటితో కలిగినది.

మార్పు వలన లాభం

ప్లగిన్ హైబ్రిడ్ కార్లలో తొలిసారి పెద్ద ఎత్తున ఉత్పత్తి అయినది చైనాకు చెందిన బీవైడీ ఎఫ్3డీఎం (2008). అమెరికాలో 2010లో వచ్చిన షెవ్రొలే వోల్ట్ విద్యుత్తుతో సుమారు 56 కి.మీ. నడిచేది. ఇటువంటి కారు ఇంజనుపై లీటరుకు 20 కి.మీ. ఇస్తుందని, పాత పెట్రోలు కారు 15 కి.మీ. ఇస్తుందని అనుకొని ఖమ్మం–భద్రాచలం రానుపోను 240 కి.మీ. లెక్కిస్తే:

* పాత కారుకు 16 లీటర్లు కావాలి.
* ఇంటివద్దా, భద్రాచలంలోనూ ఛార్జి చేస్తే 6.4 లీటర్లు చాలు.
* ఇంటివద్ద మాత్రమే ఛార్జి చేస్తే 9.2 లీటర్లు.
* అసలు ఛార్జి చేయకపోతే 12 లీటర్లు.

అనగా లాభం కారులో కంటే ఛార్జి చేసే అలవాటులోనే ఎక్కువగా ఉన్నది. ఛార్జి చేయని కారు బరువైన బ్యాటరీని వృథాగా మోస్తుంది. పూర్తి విద్యుత్ కారు వలె ఛార్జి అయిపోయినప్పుడు దారిలో ఆగిపోకపోవడం దీని ప్రత్యేకత. అడవి దారిలో ఇది చిన్న విషయం కాదు.

పరిమితులు

భారతదేశంలో ప్లగిన్ హైబ్రిడ్‌లు ఎక్కువగా ఖరీదైన విదేశీ నమూనాలలోనే వచ్చాయి. వోల్వో ఎక్స్‌సీ90 టీ8 (2016), బీఎండబ్ల్యూ ఎక్స్ఎం (2022) ఇందుకు ఉదాహరణలు. 2022లో విడుదలైన మారుతి గ్రాండ్ విటారా, టయోటా ఇన్నోవా హైక్రాస్‌ల హైబ్రిడ్ రకాలకు ప్లగ్గు లేదు. వాటి బ్యాటరీ ఇంజను వలన, బ్రేకు వేసినప్పుడు పుట్టే శక్తి వలన నిండుతుంది.

గోదావరి వరదలు మరొక సమస్య. భద్రాచలం వద్ద నీటిమట్టం 1986 ఆగస్టులో 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు చేరినది. నీట మునిగిన హైబ్రిడ్ కారును అధిక వోల్టేజి పరికరాలు పరీక్షించకుండా నడపరాదు. పాత జీపును ఊరి మెకానిక్కు విప్పి ఆరబెట్టగలిగేవాడు. దీనికి ప్రత్యేక శిక్షణ అవసరం.

పర్యావరణ దృష్టితో చూస్తే, ఈ జిల్లాలోనే సింగరేణి బొగ్గు గనులు, పాల్వంచలోని కొత్తగూడెం థర్మల్ కేంద్రం, మణుగూరు ప్రాంతంలోని 1080 మెగావాట్ల భద్రాద్రి థర్మల్ కేంద్రం ఉన్నాయి. బొగ్గు విద్యుత్తుతో ఛార్జి చేసినప్పుడు పట్టణ వీధిలో పొగ తగ్గినా, దానిలో కొంత భాగం విద్యుత్కేంద్రపు పొగగొట్టం వద్దకు మారుతుంది. ఇంటి పైకప్పుపై సౌరఫలకాలు ఉన్నవారికి లాభం మరింత ఎక్కువ.

ఇవి కూడా చూడండి

* అంబాసిడర్ కారు
* మారుతి 800
* భద్రాచలం
* సింగరేణి కాలరీస్
* విద్యుత్ వాహనం