రెండు బోర్డులు మాట్లాడుకోకపోతే?

అరచేతిలో ఇమిడే చిన్న కంప్యూటర్ బోర్డుల్లో 2012లో ఇంగ్లండులో విడుదలైన రాస్ప్‌బెర్రీ పై పేరున్నది. ఇంట్లో ఒకటి, దగ్గర్లోని మోటారు షెడ్డులో ఒకటి పెట్టుకుంటే నేలలో తేమ, తొట్టిలో నీటి మట్టం ఇంటి నుంచే చూసుకోవచ్చు. చిక్కేమిటంటే, రెండింటికీ సంబంధం తెగిపోయినా ఇంటి తెరపై నిన్నటి అంకె అలాగే నిలిచిపోవచ్చు. తేమ ఉందిలే అని తడి ఆపితే పైరు వాడిపోతుంది. కాబట్టి అంకెతోపాటు అది వచ్చిన టైము కూడా తెరపై పడేలా పెట్టించుకోవాలి. టైము పాతదైతే కొత్త బోర్డు కొనడానికి పరుగెత్తకుండా, ఈ కింది వరసలో చూసుకోవాలి.

కరెంటు: మూడో రకం పై బోర్డుకు 5 వోల్టులు, 2.5 ఆంపియర్లు, నాలుగో రకానికి 5 వోల్టులు, 3 ఆంపియర్లు ఇచ్చే ఛార్జరు కావాలి. పాత సెల్‌ఫోను ఛార్జరు, సన్నని పొడుగాటి తీగ పనికిరావు. వోల్టేజి చాలకపోతే బోర్డుకు తగిలించిన తెరపై మెరుపు గుర్తు వస్తుంది.

అడ్రసు: బోర్డులో ఇంగ్లీషు అక్షరాలతో హోస్ట్‌నేమ్ అని కొట్టి, ఖాళీ వదిలి, అడ్డగీత, పెద్ద ఐ కొడితే దాని అడ్రసు తెలుస్తుంది. ఏమీ రాకపోయినా, 169.254తో మొదలైనా రౌటరు నుంచి అడ్రసు అందలేదన్నమాట. వైఫై పాస్‌వర్డు, తీగ సరిచూడాలి. కరెంటు పోయి వచ్చాక అడ్రసు మారిపోవడమూ ఉంది. రౌటరులో ఒక్కో బోర్డుకు ఒక అడ్రసు ఖాయం చేయిస్తే ఈ బెడద ఉండదు.

పింగ్: ఇంటి బోర్డు నుంచి ముందు రౌటరును, తర్వాత షెడ్డు బోర్డును పింగ్ చేయాలి. రౌటరు పలికి షెడ్డు పలకకపోతే, ఏదైనా బోర్డు గెస్ట్ వైఫైలో ఉందేమో చూడాలి. అందులో ఉన్నవాటిని చాలా రౌటర్లు ఒకదానితో ఒకటి కలవనివ్వవు. రెండూ పలికితే దారి బాగానే ఉంది, లోపం ప్రోగ్రాములో వెతకాలి.

దూరం: షెడ్డు బోర్డును తెచ్చి రౌటరు పక్కన పెట్టండి. అక్కడ పనిచేస్తే తప్పు బోర్డుది కాదు, దూరానిదో రేకులదో. ఇనుప పెట్టెలో పెడితే సిగ్నల్ అందదు. గోడలు దాటడానికి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మేలు. నెట్‌వర్క్ తీగ అయితే 100 మీటర్ల దాకా లాగవచ్చు. దాన్ని మోటారు కరెంటు తీగ వెళ్లే పైపులో మాత్రం వేయరాదు. ఉరుములు మొదలు కాకముందే ఊడదీయాలి.

తెర ఏం చెప్పినా, తడి ఆపే ముందు వేళ్ల దగ్గరి మట్టి పిడికిట పట్టి చూసే అలవాటు మానకండి.