బొగ్గుబూడిద – సిమెంటు

నెల్లూరు తీరాన తోటపల్లి గూడూరు, ముత్తుకూరు మండలాలలో పెద్ద బొగ్గు విద్యుత్కేంద్రాలు ఉన్నవి. అక్కడ బొగ్గును మెత్తని పిండిగా నూరి, గాలితో కలిపి కొలిమిలోనికి చిమ్మి మండిస్తారు. బొగ్గులోని మట్టి పదార్థం మండదు. ఆ వేడికి కరిగి, పొగతోబాటు పోతూ చల్లారి, కంటికానని గాజు గుండ్లుగా మారుతుంది. పొగగొట్టం చేరకముందే విద్యుదావేశంగల పలకలు దీనిని పట్టివేస్తవి. దీనినే ఫ్లై యాష్ అంటారు. మన దేశపు బొగ్గులో సాధారణంగా నూటికి 30 నుండి 40 పాళ్ళు బూడిదే.

సిమెంటులో ఈ బూడిద కలుపుతారంటే కల్తీ అనుకొనేవారు చాలమంది. అది సరికాదు. సిమెంటు నీటితో కలిసినపుడు ముఖ్యంగా రెండు పదార్థాలు ఏర్పడుతవి. ఒకటి కాల్షియం సిలికేటు జిగురు. కాంక్రీటు బలమంతా దాదాపు దీనిదే. రెండవది కాల్షియం హైడ్రాక్సైడు, అనగా తడిసున్నం. దీనివల్ల బలం స్వల్పం; పైగా నీటిలో కొద్దికొద్దిగా కరిగిపోయి రంధ్రాలు మిగులుస్తుంది. బూడిదలోని సిలికా ఈ సున్నాన్నే పట్టుకొని మరికొంత జిగురును పుట్టిస్తుంది. రోమనులు అగ్నిపర్వతపు బూడిదను సున్నంలో కలిపి సముద్రంలో రేవుగోడలు కట్టినదీ, మన తాపీవారు ఇటుకపొడిని సున్నంతో గానుగ ఆడించినదీ ఈ చర్య బలంమీదనే. అమెరికాలో 1953లో పూర్తయిన హంగ్రీ హార్స్ ఆనకట్టకు ఫ్లై యాష్‌నే పెద్దయెత్తున వాడారు.

ఇంకొక సంగతి. 100 కిలోల శుద్ధమైన సున్నపురాయి పూర్తిగా కాలితే 44 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. బూడిద కలిపిన మేరకు ఆ కాల్పు తగ్గుతుంది.

తీరగ్రామాలకు దీనివల్ల విశేష లాభం ఉన్నది. ఉప్పుగాలిలోని క్లోరైడులు రంధ్రాలగుండా ఇనుపకడ్డీలను చేరి తుప్పు పట్టిస్తవి. తుప్పు ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది గనుక శ్లాబు పెచ్చులూడుతుంది. బూడిద జిగురు ఆ దారులను ఇరుకు చేస్తుంది.

అయితే ఈ చర్య చాల నిదానం. వారాలు, నెలలు పడుతుంది. అందాక తేమ కావాలి. మామూలు సిమెంటుకు 7 రోజులు తడిపితే చాలునన్నచోట బూడిద సిమెంటుకు కనీసం 10 రోజులు, మండువేసవిలో 14 రోజులు తడపాలని భారతీయ ప్రమాణం చెబుతున్నది. మూడవనాడే తడుపు మానివేసిన ఇంటికి బూడిద మేలు చేయదు. ప్రతి బూడిదా పనికిరాదు కూడ. కొలిమి అడుగున పడిన ముతకబూడిదా, మాడని బొగ్గు ఎక్కువగా ఉన్నదీ సిమెంటుకు తగవు. సముద్రపు నీటితో తడిసినది ఇనుమున్న కాంక్రీటులో వేయరాదు.

పాఠశాలలో దీనిని పరీక్షించవచ్చును. ఉపాధ్యాయుడు దగ్గరుండి చూడాలి. సున్నం కంట పడరాదు. ఒక పాలు చల్లార్చిన సున్నానికి రెండు పాళ్ళు ఫ్లై యాష్ కలిపి ఒక ముద్ద, అదే కొలతలో ఇసుక కలిపి మరొక ముద్ద చేసి, తడిగుడ్డ చుట్టి, గాలి చొరకుండ పాలిథీన్ సంచులలో నెలరోజులు ఉంచాలి. తరువాత రెంటినీ నీటిలో వేస్తే ఇసుక ముద్ద విడిపోతుంది. బూడిద ముద్ద నిలుస్తుంది.