ఇంటి బండిబాటకు ధరపత్రములు తెప్పించుకొను విధము



విత్తనము కొనునపుడు నాలుగు చోట్ల విచారించి, పిడికిట పట్టి చూచి కొను మన సభ్యులు, ఇంటిముందు బండిబాటకు సిమెంటు పోయించునపుడు మాత్రము మేస్త్రీ నోటిమాట నమ్మి పని అప్పగించుచున్నారు. విత్తనము చెడినచో ఒక పంట పోవును. బాట చెడినచో పదేండ్లు దాని మీదనే నడువవలెను, లేదా పగులగొట్టి రెండవమారు సొమ్ము పోయవలెను.

మేమును ఈ తప్పు చేసినవారమే. కొన్ని సంవత్సరముల క్రిందట మా యింటి బాటకు ముగ్గురిని అడిగి, అందరికంటె తక్కువ చెప్పినవానికి పని ఇచ్చితిమి. కాగితము వ్రాసికొనలేదు. మందమెంతయని అడుగలేదు. రెండవ వానకాలమున వడ్లట్రాలీ లోనికి వచ్చినపుడు చక్రముల జాడవెంట పలక నిలువున పగిలెను. మేస్త్రీని పిలిచి చూపగా, "మీరిచ్చిన పైసలకు ఇంతే వస్తది సారూ" అనెను. ఆ మాటలో అబద్ధము లేదు. మేము అడుగనిదానిని అతడు చేయలేదు.

మన బీర్కూరు ప్రాంతమున ఈ సంగతి మరింత ముఖ్యము. 1923లో ఆరంభమై 1931లో ముగిసిన నిజాంసాగరు కట్టడముతో మంజీర నీరు కాలువలబడి పొలములకు వచ్చెను, వరి పెరిగెను. వరితో నేడు ట్రాక్టర్లును, నిండు ట్రాలీలును వాకిట నిలుచుచున్నవి. పూర్వము ఎడ్లబండికి చాలిన బాట వీనికి చాలదు. అదిగాక నల్లరేగడి నేల వానకు ఉబ్బును, ఎండకు ముడుచుకొని నెరియలు విచ్చును. అట్టి నేలపై నేరుగా పోసిన పలక నేలతోపాటు లేచి దిగి పగులును. కావున బాట బలము పైపూతలో లేదు, అడుగున నున్నది. ధర చెప్పువారు తరచుగా విడిచిపెట్టునది ఆ అడుగునే.

ఇక ధరలు ఎట్లు మోసగించునో లెక్కవేసి చూతము. ఇచ్చటి ధరలు లెక్క తెలియుటకు మాత్రమే గాని, బజారు ధరలు కావు. బాట 10 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు. అనగా 600 చదరపు అడుగులు. మొదటి మేస్త్రీ చదరపు అడుగుకు 60 రూపాయలనెను, రెండవవాడు 75, మూడవవాడు 95. మొదటివాడే చౌకయని మనము సంతోషింతుము. కాని విడమరచి అడుగగా మొదటివాని మందము 4 అంగుళములు, రెండవవానిది 5 అంగుళములు. మొదటిది 200 ఘనపుటడుగులకు 36,000 రూపాయలు. రెండవది 250 ఘనపుటడుగులకు 45,000. రెండును ఘనపుటడుగుకు 180 రూపాయలే.

ఇంతటితో ముగియలేదు. మొదటివాడు ఒక పాలు సిమెంటుకు రెండు పాళ్లు ఇసుక, నాలుగు పాళ్లు కంకర కలుపును. రెండవవాడు ఒక పాలు సిమెంటుకు ఒకటిన్నర పాలు ఇసుక, మూడు పాళ్లు కంకర కలుపును. నూరు ఘనపుటడుగుల కాంక్రీటుకు మొదటి పాళ్లలో సుమారు 18 బస్తాలును, రెండవ పాళ్లలో సుమారు 23 బస్తాలును పట్టును. మొత్తము పనిలో ఒకనిది 36 బస్తాలు, మరియొకనిది 57. ఒకే ధరకు తక్కువ సిమెంటు వేయు మొదటివాడే నిజముగా ప్రియము. మూడవవాని 95 రూపాయలలో రెండవవాని పలకయే యున్నది. పైబడిన 12,000 రూపాయలు నేల త్రవ్వి మొరం పోసి రోలరు త్రిప్పుటకును, కాలువపై తూముపైపు వేయుటకును. అవి మనకు కావలసిన పనులైనచో అతడే చౌక కావచ్చును.

కాబట్టి మేము చెప్పవచ్చినది ఒక్కటే. ధర అడుగుటకు ముందు పని యేదో మనమే ఒక కాగితముపై వ్రాయవలెను. ఆ యొక్క కాగితమునే ముగ్గురికిని ఇయ్యవలెను. అప్పుడు గాని ధరను ధరతో పోల్చుటకు వీలులేదు. కాగితమున ఈ క్రింది సంగతు లుండవలెను.

1. పాత పలకను ఎవరు పగులగొట్టుదురు, ముక్కలను ఎవరు తీసికొనిపోవుదురు. పగిలిన పలకపైననే క్రొత్తది పోయుట కూడదు; క్రింది పగులు పైకి వచ్చును.

2. నల్లరేగడి యైనచో ఒక అడుగు లోతు త్రవ్వి, 9 అంగుళముల మొరం రెండు పొరలుగా పోసి, ప్రతి పొరను నీటితో తడిపి రోలరుతో గట్టిపరచుట. దానిపై 5 అంగుళముల పలక వేసినచో బాట నేలకంటె 2 అంగుళములు ఎత్తు నిలుచును.

3. పలక మందము, కలుపు పాళ్లు, 20 మిల్లీమీటర్ల కంకర. బస్తా సిమెంటుకు నీరు 30 లీటర్లకు మించరాదు. పలుచన చేసినచో పోయుట సులువు, బలము తక్కువ.

4. వాలు. పది అడుగులకు రెండున్నర అంగుళముల చొప్పున వీధివైపు గాని ప్రక్కకు గాని నీరు పారవలెను, గోడవైపు పారరాదు.

5. పది అడుగులకొక సందు. గడి విడిచి గడి పోసినచో సందులు తామే ఏర్పడును. సందు లేనిచో పలక తనకు తోచినచోట పగులును.

6. వీధి ప్రక్క మురుగుకాలువ దాటునచోట పైపు. దీనికి ముందుగా గ్రామపంచాయతీ వారిని అడుగవలెను.

7. సిమెంటు, ఇసుక, కంకర ఎవరివి. పని ఎన్నినాళ్లలో ముగియును. తడుపు బాధ్యత ఎవరిది.

ధరపత్రముపై తేదీయు, ఎంతకాలము ఆ ధర నిలుచునో ఆ గడువును వ్రాయించుకొనవలెను. సిమెంటుపై వస్తుసేవల పన్ను 2025 సెప్టెంబరు 22 నుండి నూటికి 28 నుండి 18కి తగ్గినది. పాత లెక్కను చూపి ధర చెప్పినచో క్రొత్తగా లెక్క కట్టుమనవలెను.

ధర విన్నపిమ్మట ఆ మేస్త్రీ రెండు వానకాలముల క్రిందట వేసిన బాట యేదైన నున్నచో పోయి చూడుడు. నిన్న పోసిన పలక అందరిదియు నున్నగానే యుండును. ఆ యింటివారితో మాటలాడుడు. పగుళ్లున్నవా, పిలిచిన వచ్చెనా యని అడుగుడు.

సొమ్ము ఒక్కమారు ఇయ్యరాదు. సరకు దిగినపుడు కొంత, మొరం గట్టిపడినపుడు కొంత, పలక పోసినపుడు కొంత ఇచ్చి, పదవ వంతును తడుపు ముగియువరకు నిలుపుడు. పోయుటకు ముందు మొరమునుండి చెక్కల పైయంచు వరకు లోతును మీరే టేపుతో నాలుగు చోట్ల కొలువుడు. పోసిన తరువాత మందము కనబడదు. ఇసుక మంజీరదైనను పరీక్షింపుడు: గాజుసీసాలో సగము ఇసుక, మిగత నీరు పోసి బాగుగా కుదిపి మూడు గంటలు కదపక యుంచినచో బురద పైపొరగా తేరును. అది ఇసుక మందములో పన్నెండవ వంతునకు మించినచో ఆ ఇసుక వలదు.

తడుపు విషయమున అలసత్వము కూడదు. నేడు దొరకు సిమెంటులో బూడిద కలిసినది విశేషముగా నున్నది. దానికి కనీసము పదిదినములు, ఎండకాలమున పదునాలుగు దినములు గడ్డి గాని గోనెలు గాని పరచి తడి ఆరకుండ ఉంచవలెను. నాలుగు వారముల వరకు నిండు ట్రాలీని ఎక్కింపరాదు. వానకాలపు వడ్లు అమ్ముడైన పిదప, చలి యున్న దినములు ఈ పనికి అనుకూలము.

తుదకు ఒక మాట. రోలరు, కలుపు యంత్రము ఒక్క యింటికి తెచ్చినను, నాలుగిండ్లకు తెచ్చినను రాకపోకల కర్చు ఒక్కటే. ఒకే వాడలో నలుగురు సభ్యులకు ఈ పని యున్నచో, ఒకే కాగితము వ్రాసి నాలుగు బాటలకు కలిపి ధర అడుగుడు. ఒంటరిగా బేరమాడువాడు మేస్త్రీ దయకు లోబడును. నలుగురు కలిసి అడిగినచో మేస్త్రీయే లెక్క సరిచూచుకొని వచ్చును. ఎరువు కొనుగోలులో మనము నేర్చిన పాఠమిదియే. దానిని ఇంటివాకిటికిని తెచ్చుకొందుము గాక.