సూది వద్దన్నవారి మాట కూడా విందాం

అచ్చంపేట నుండి శ్రీశైలం వెళ్లే రోడ్డులో మన్ననూరు దగ్గర అటవీశాఖ చెక్‌పోస్టు ఉంటుంది. పులుల అడవి కాబట్టి రాత్రి తొమ్మిదికి గేటు వేస్తే మళ్లీ తెల్లవారి ఆరింటికే తీస్తారు. అక్కడి నుండి ఒక దారి అమ్రాబాద్‌కు పోతుంది, ఇంకొకటి నల్లమల లోపలికి, చెంచు పెంటల వైపు పోతుంది. ఈ ప్రాంతం వారికి చెప్పనక్కరలేదు గానీ, దూరపు సంఘాల పాఠకుల కోసం ఒక మాట. చెంచులు నివసించే చిన్న గూడేలను ఇక్కడ పెంటలంటారు. కొన్ని పెంటల్లో పది ఇళ్లు కూడా ఉండవు. చాలాచోట్ల ఫోను సిగ్నలు అందదు.

మన దేశంలో కరోనా టీకా 2021 జనవరి 16న మొదలైంది. మొదట ఆసుపత్రి సిబ్బందికి, మార్చి 1 నుండి అరవై దాటినవారికి, ఏప్రిల్ 1 నుండి నలభై అయిదు దాటినవారికి, మే 1 నుండి పద్దెనిమిది నిండిన వారికి ఇచ్చారు. అక్టోబరు 21 నాటికి దేశం మొత్తం మీద వంద కోట్ల డోసులు పూర్తయ్యాయి. డిసెంబరు 28న తెలంగాణలో మొదటి డోసు నూటికి నూరు శాతం అయిందని ప్రభుత్వం ప్రకటించింది. పేపర్లో ఆ వార్త చదివి మేము సంతోషపడ్డాం. అయితే ఆ వారంలో కూడా మా ఓపీకి ఒక్క డోసైనా వేసుకోని వారు వస్తూనే ఉన్నారు.

ఇది ఎలా సాధ్యం? ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఎంతమందికి వేయాలన్నది జనాభా అంచనా. వేసిన డోసుల లెక్కను ఆ అంచనాతో భాగిస్తే శాతం వస్తుంది. బతుకుతెరువుకు వేరే ఊరి నుండి వచ్చి పట్నంలో వేసుకున్నవారు కూడా ఆ లెక్కలోకి చేరతారు. కాబట్టి మొత్తం మీద నూరు దాటినా, ఒక తండాలో సగం మంది, ఒక పెంటలో ఇద్దరు ముగ్గురు మిగిలిపోవచ్చు. శాతం అనేది రాష్ట్రానికి పనికివచ్చే లెక్క. మిగిలిపోయిన మనిషి దగ్గరకు పోవాలంటే ఆయన ఎందుకు మిగిలిపోయాడో తెలియాలి.

టీకా వద్దన్నవారిని మనం తేలికగా "తెలివిలేనివాళ్లు" అనేస్తాం. నేనూ అన్నాను. వారి మాటలు నిదానంగా విన్న తరువాత ఆ మాట వెనక్కు తీసుకున్నాను.

అన్నిటికంటే ఎక్కువగా విన్నది ఇది: "సూది ఏసుకుంటె రెండు రోజులు జరమొస్తదట. రెండు రోజులు పంటె కూలి ఎవరిస్తరు?" దీనికి వైద్యశాస్త్రంలో జవాబు లేదు. టీకా తరువాత ఒకటి రెండు రోజులు జ్వరం, ఒళ్లు నొప్పులు రావడం మామూలే. నెలజీతం ఉన్న మాకు అది సెలవు. ఏ రోజు కూలి ఆ రోజే తినేవారికి, ఎండాకాలంలో తేనె కోసం, గడ్డల కోసం అడవికి పోయే చెంచులకు అది పస్తు. పైగా టీకా ముమ్మరంగా సాగాల్సిన ఏప్రిల్, మే నెలలే అటవీ ఫలసాయానికి కూడా సమయం.

రెండో మాట కల్లు, సారా గురించి. సూది వేసుకుంటే చాలా రోజులు తాగకూడదని ఎవరో చెప్పగా, ఆ ఒక్క భయంతోనే తప్పించుకు తిరిగిన మగవారు తక్కువేమీ కాదు. నవ్వు వస్తుంది గానీ, ఇళ్లలో ఆడవారికి ఇది నవ్వులాట కాదు.

మూడోది వాట్సాప్. టీకా వేసుకున్నవారంతా రెండేళ్లలో చనిపోతారని ఒక ఫ్రెంచి నోబెల్ శాస్త్రవేత్త చెప్పినట్లు 2021 మే నెలలో ఒక సందేశం ఊరూరా తిరిగింది. ఆయన ఆ మాట అనలేదని ప్రభుత్వమే ప్రకటించింది. కానీ మే నెల ఎలాంటిదో గుర్తు చేసుకోండి. ఆసుపత్రుల్లో మంచాలు లేవు, ఆక్సిజన్ లేదు, 12వ తేదీ నుండి రాష్ట్రంలో లాక్‌డౌన్. అంతకుముందు ఏప్రిల్‌లో తమిళ హాస్యనటుడు వివేక్ టీకా వేసుకున్న మరునాడే గుండెపోటు వచ్చి, ఆ మరుసటి రోజు మరణించారు. అది టీకా వల్ల వచ్చిన మరణం కాదని నిపుణుల సంఘం తేల్చేసరికి అక్టోబరు వచ్చింది. ఆ ఆరు నెలలూ వదంతి తన పని తాను చేసుకుపోయింది.

కొన్ని కారణాలు మనిషిలో లేవు, ఏర్పాటులోనే ఉన్నాయి. పద్దెనిమిది నుండి నలభై నాలుగేళ్ల వారు ముందుగా ఇంటర్నెట్‌లో పేరు నమోదు చేసుకోవాలన్నారు. సిగ్నలు లేని పెంటలో అదెలా కుదురుతుంది? మే 24న ప్రభుత్వ కేంద్రాల్లో అక్కడికక్కడే నమోదుకు అనుమతి వచ్చింది. కోవిషీల్డు సీసాలో పది డోసులుంటాయి, ఒకసారి తెరిస్తే నాలుగు గంటల్లో వాడేయాలి. సీసాలను ఐస్‌ప్యాకుల పెట్టెలో రెండు నుండి ఎనిమిది డిగ్రీల చలిలోనే మోసుకుపోవాలి. పది మందికి సరిపడే సీసాతో అడవిలోకి పోతే ఆ రోజు పెంటలో నలుగురే ఉంటారు. తెరిస్తే ఆరు డోసులు వృథా, తెరవకపోతే మళ్లీ ఎప్పుడో. ఆ పెట్టె భుజాన వేసుకుని నడిచిన ఏ.ఎన్.ఎం.లకు ఈ సంకటం బాగా తెలుసు. ఇక పాలమూరు నుండి వలసపోయే కుటుంబాల సంగతి. కోవిషీల్డు రెండో డోసుకు పన్నెండు వారాలు ఆగాలని మే 13న గడువు పెంచారు. పన్నెండు వారాలు తిరిగేసరికి మొదటి డోసు వేసుకున్న మనిషి పూణేలోనో, ముంబయిలోనో ఇటుకలు మోస్తూ ఉంటాడు.

గిరిజన ప్రాంతాల్లో అనుమానానికి ఇంకొక పాత కారణం ఉంది. దాన్ని దాచడం మంచిది కాదు. 2009, 2010 సంవత్సరాల్లో అప్పటి ఖమ్మం జిల్లాలో పది నుండి పద్నాలుగేళ్ల బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్.పి.వి. టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన అధ్యయనం అది. ఖమ్మంతోపాటు గుజరాత్‌లో కూడా జరిగింది. టీకా వేసుకున్న బాలికల్లో రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు మరణించారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపివేశారు. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణలో తేలింది. కానీ అదే విచారణలో ఇంకొకటి కూడా తేలింది. చాలామంది బాలికల అంగీకార పత్రాల మీద తల్లిదండ్రుల సంతకం లేదు. 2,763 పత్రాల మీద హాస్టలు వార్డెన్లు సంతకం పెట్టారు. 2013లో పార్లమెంటరీ సంఘం దీన్ని గట్టిగా తప్పుపట్టింది. టీకా మంచిదే, అడిగిన తీరే మంచిది కాదు. ఆశ్రమ పాఠశాలల్లో బిడ్డలను చదివించే తల్లిదండ్రులకు ఆ కబురు అందే ఉంటుంది. మంచి టీకా చేతిలో పెట్టుకుని మనం వెళ్లినప్పుడు, మనకంటే ముందు వచ్చిపోయినవారి నీడ మనమీద పడుతుంది.

ఇప్పుడు మన సంఘాల వైపు తిరుగుదాం. చెంచులు, లంబాడీలు వద్దన్నారని మనం రాస్తాం గానీ, ఆదివారం బల్లల మీద మన పక్కన కూర్చునేవారిలో కూడా వద్దన్నవారున్నారు. ప్రకటన గ్రంథం 13వ అధ్యాయంలోని ముద్ర ఇదేననీ, సూదితో చిప్పు ఎక్కిస్తారనీ వీడియోలు వచ్చాయి. ముద్ర లేనివాడు కొనడానికీ అమ్మడానికీ వీలుండదని ఆ అధ్యాయంలో ఉంది కదా. 2021 అక్టోబరు ఆఖరులో, టీకా వేసుకోనివారికి నవంబరు నుండి రేషను, పింఛను ఆపేస్తారని టీవీలో వచ్చింది. అది నిజం కాదని ఆరోగ్యశాఖ అదే రోజు చెప్పింది. కానీ అప్పటికే "చూసిండ్రా, మేం చెప్పలె?" అన్నవారున్నారు. ఆ భయం పుట్టింది అజ్ఞానంలో కాదు, బెదిరింపులో. భయపెట్టి చేయించబోతే భయపడిన మనిషి తన దగ్గరున్న గ్రంథంలోనే దానికి అర్థం వెతుక్కుంటాడు.

మా మేనమామ అలాంటివారే. సంఘ పెద్ద, అరవై ఎనిమిదేళ్లు, బీపీ, షుగరు రెండూ ఉన్నాయి. నర్సుగా నేను 2021 జనవరి ఆఖరులోనే వేసుకున్నాను. మార్చి నుండి జూన్ దాకా ఆయనతో వాదించాను. ఒకరోజు చొక్కా చెయ్యి పైకి మడిచి, మశూచి టీకా మచ్చలు చూపించారు. "అప్పుడు మమ్మల్ని ఎవరడిగిండ్రు బిడ్డా? బడి తలుపులేసి పట్టుకొని పొడిసిండ్రు" అన్నారు. మన దేశంలో మశూచి ఆఖరు కేసు 1975లో వచ్చింది. ఆ పొడుపుల వల్లే మశూచి పోయిందని నేను చెప్పాను. పోయింది నిజమే, అడగకుండా పట్టుకున్నదీ నిజమే అన్నారాయన.

చివరికి ఆయన మనసు మార్చింది నేను కాదు. ఆయన మనవలకు పోలియో చుక్కలు వేసిన ఏ.ఎన్.ఎం. జులైలో మూడోసారి ఇంటికి వచ్చింది. ఆయన ముద్ర గురించి ఏమీ అడగలేదు. "రేపు నాకు జరమొస్తె నువ్వు వస్తవా?" అని మాత్రం అడిగారు. వస్తానంది. మరునాడు పొద్దున్నే పారాసిటమాల్ పట్టుకుని వచ్చింది కూడా. రెండో డోసుకు ఆయనే బస్సెక్కి వెళ్లారు.

పెద్ద స్థాయిలో కూడా ఇలాంటి పనే ఎక్కువ మేలు చేసిందని నా అభిప్రాయం. అదే జులై 12న అప్పటి గవర్నర్ తమిళిసై సౌందరరాజన్ తన రెండో డోసును రాజ్‌భవన్‌లో వేయించుకోలేదు. రంగారెడ్డి జిల్లా మహేశ్వరం మండలం కె.సి. తండాకు వెళ్లి, గిరిజనుల మధ్య కూర్చుని వేయించుకున్నారు. ఆమె స్వయంగా డాక్టరు. నవంబరు నుండి దేశమంతటా ఇంటింటికీ వెళ్లి వేసే కార్యక్రమం మొదలైంది. టీకా దగ్గరకు మనిషి రావడం కాకుండా మనిషి దగ్గరకు టీకా పోవడం అప్పటికి గానీ ఊపందుకోలేదు. 2022 జనవరిలో ఒమిక్రాన్ వచ్చినప్పుడు టీకా వేసుకున్నవారికి కూడా జ్వరాలు వచ్చాయి. "మరి ఏసుకొని ఏం లాభం?" అని అడిగారు. టీకా జబ్బును పూర్తిగా ఆపలేదు, జబ్బు ముదరకుండా ఆపింది. 2021 మేలో మేము చూసినట్లు ఆ జనవరిలో చూడలేదు.

2024లో మామ మళ్లీ ఫోన్ చేశారు. కోవిషీల్డు వల్ల రక్తం గడ్డకడుతుందని ఆస్ట్రాజెనెకా కంపెనీ లండన్ కోర్టులో ఒప్పుకుందట, టీవీలో చెప్తున్నారు, నిజమేనా అన్నారు. నిజమే అన్నాను. అయితే అది చాలా అరుదు. సాధారణంగా టీకా వేసుకున్న కొన్ని వారాల్లోపే కనిపిస్తుంది. మన దేశంలో పది లక్షల డోసులకు 0.61 చొప్పున అలాంటి కేసులు వచ్చాయని నిపుణుల సంఘం లెక్క తేల్చింది. మీరు వేసుకుని మూడేళ్లవుతోంది, ఇక దాని గురించి దిగులు అక్కరలేదని చెప్పాను.

"ఆ లెక్క ఎప్పుడొచ్చింది బిడ్డా?"

2021 మేలో వచ్చింది. టీకా వేసుకున్న ఇరవై రోజుల్లో ఊపిరి ఆడకపోవడం, ఛాతీ నొప్పి, కాలు వాపు, విడవని తలనొప్పి, చూపు మసకబారడం వంటివి ఉంటే వెంటనే రమ్మని కేంద్ర ఆరోగ్యశాఖ అప్పుడే సూచన ఇచ్చింది. మేము చదివాం. మా ఆసుపత్రి పంచిన కరపత్రంలో జ్వరం, ఒళ్లు నొప్పుల గురించి మాత్రమే వేశాం. ఇది రాస్తే అసలే రానివారు ఇంకా రారని మాలో మేమే అనుకున్నాం. కరపత్రం రాసినవారిలో నేనూ ఉన్నాను.

"అప్పుడే చెప్పి ఉంటే నేను ఏసుకునేవాణ్నో లేదో తెల్వదు. ఇప్పుడు టీవీల చూసి భయపడేవాణ్ని మాత్రం కాదు" అన్నారు మామ.

ఆయన కోడలు పోయిన నెల పాపను తొమ్మిది నెలల మీజిల్స్ రుబెల్లా టీకాకు మా దగ్గరకు తెచ్చింది. టీకా గది తలుపు మీద ఇప్పుడు చేతితో రాసిన కాగితం ఒకటి ఉంది. ఏ టీకాకు మామూలుగా ఏమవుతుంది, అరుదుగా ఏమవుతుంది, ఏది కనిపిస్తే పరుగెత్తుకు రావాలి, రాత్రి అయితే ఎవరికి ఫోన్ చేయాలి అన్నీ అందులో ఉన్నాయి. చదువురాని వారికి సిస్టరు చదివి వినిపిస్తుంది. ఆ అమ్మాయి అంతా విని, రెండు ప్రశ్నలు అడిగి, పాపను ఒడిలో సర్దుకుని కూర్చుంది.