బలవంతపెట్టేవారు లేని ఒత్తిడి: అపోహలు – వాస్తవాలు

ఇంటర్ చదివే అబ్బాయి తాగాడని తెలియగానే ఇంట్లో పుట్టే మొదటి ప్రశ్న ‘ఎవడు తాగించాడు?’ అనేదే. ఆర్నెల్లు సావాసం చేస్తే వారు వీరవుతారన్న సామెత ఉండనే ఉంది. ఆ తాగించినవాణ్ని దూరం పెడితే అంతా సర్దుకుంటుందని నమ్ముతాం. బడుల్లో జరిగే అవగాహన సదస్సులు కూడా చాలావరకు ఇదే కథ చెబుతాయి: చెడు స్నేహితుడు గ్లాసు అందిస్తాడు, మంచి పిల్లవాడు వద్దంటాడు. తోటివారి ఒత్తిడి గురించిన అపోహల్లో పెద్దది ఇదే. ఆ ఒత్తిడి చాలాసార్లు ఎవరి నోటి నుంచీ రాదు. పక్కవాళ్లు ఏం చేస్తున్నారో, తన గురించి ఏమనుకుంటున్నారో అని పిల్లలు లోలోపల వేసుకునే అంచనాలోంచి పుడుతుంది. ఆ అంచనా తరచూ తప్పుతుంది కూడా. తాగుడు విషయంలోనూ, ఒళ్లూ రంగూ విషయంలోనూ జరిగేది ఇదే.

అమెరికాలోని టెంపుల్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వవేత్త లారెన్స్ స్టైన్‌బర్గ్ బృందం దీన్ని ఏళ్ల తరబడి పరీక్షించింది. 2005లో వెలువడిన ప్రయోగంలో 13 నుంచి 16 ఏళ్ల పిల్లలు, కాలేజీ వయసువాళ్లు, 24 దాటినవాళ్లు కారు నడిపే వీడియో గేమ్ ఆడారు. ఒంటరిగా ఆడినప్పుడు అన్ని వయసులవాళ్ల తెగింపూ దాదాపు ఒక్కలాగే ఉంది. తెలిసినవాళ్లు పక్కన చేరాక పెద్దవాళ్లు మారలేదు, పిల్లలు మాత్రం మరీ దూకుడుగా ఆడారు. 2011 నాటి మరో ప్రయోగంలో స్నేహితులను వేరే గదిలో కూర్చోబెట్టారు. వాళ్లు తెర మీద తమ ఆట చూస్తున్నారని తెలిస్తే చాలు, టీనేజ్ పిల్లల మెదడులో ఆనందానికి స్పందించే భాగాలు చురుకయ్యాయి, ముప్పుకు ఎదురెళ్లడం పెరిగింది. 2014లో చిట్టెలుకల మీద చేసిన అధ్యయనం ఇంకా ఆలోచింపజేస్తుంది. కౌమార దశలో ఉన్న చిట్టెలుకలు ఒంటరిగా ఉన్నప్పటికంటే తోటివాటి మధ్య ఎక్కువ ఆల్కహాల్ తాగాయి, ఎదిగినవి అలా చేయలేదు. చిట్టెలుకల్లో ‘దమ్ముంటే తాగరా’ అని రెచ్చగొట్టేవారు ఎవరూ ఉండరు కదా.

మనసు గట్టిగా ఉన్న పిల్లలు లొంగరు, బలహీనులే లొంగుతారు అనేది రెండో అపోహ. మనస్తత్వవేత్త సాలమన్ ఆష్ 1950లలో కాలేజీ విద్యార్థులకు గీతల పొడవు పోల్చమని ఇచ్చాడు. జవాబు కళ్లెదుట కనిపిస్తున్నా, గదిలో మిగతావారంతా ముందుగా కూడబలుక్కుని తప్పు చెబుతుంటే, నలుగురిలో ముగ్గురు కనీసం ఒక్కసారైనా ఆ తప్పే పలికారు. వాళ్లు బుద్ధిహీనులు కారు. మరి పిల్లల బాధ్యత ఏమీ లేదా అని అడగవచ్చు. ఉంది, కానీ ఎదురు నిలిచే శక్తి వయసుతో వస్తుంది: తోటివారి ప్రభావాన్ని తట్టుకునే సామర్థ్యం 14 నుంచి 18 ఏళ్ల మధ్య క్రమంగా పెరుగుతుందని 2007లో స్టైన్‌బర్గ్, మొనహాన్ చూపారు. అందుకే ‘వద్దని చెప్పు’ అనే పాఠం ఒక్కటే పనిచేయదు. 1983లో లాస్ ఏంజిలిస్‌లో మొదలై అమెరికా అంతటా పాకిన ‘డేర్’ కార్యక్రమంలో పోలీసులే తరగతికి వచ్చి ఆ పాఠం చెప్పేవారు. దానిపై జరిగిన పలు అధ్యయనాలను 1994లో కలిపి చూస్తే, పిల్లల మత్తు వాడకం మీద ఫలితం నామమాత్రమని తేలింది.

‘ఈ రోజుల్లో అందరూ తాగుతున్నారు’ అనే మాట పిల్లలదే కాదు, పెద్దలదీ. పరిశోధకులు పెర్కిన్స్, బెర్కోవిట్జ్ 1986లో ఒక అమెరికా కాలేజీలో గమనించినది ఏమిటంటే, తాగుడు గురించి తోటివారికి తమకంటే పట్టింపు తక్కువని చాలామంది విద్యార్థులు అనుకుంటున్నారు. ఎవరికివారు తామే వెనకబడ్డామనుకుంటూ, లేని మెజారిటీని అందుకోవాలని చూస్తారు. మన దగ్గర 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 ఏళ్లు దాటిన మగవారిలో తాగేవారు తెలంగాణలో సుమారు 43 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 23 శాతం. 43 చిన్న అంకె కాదు, నిజమే. అయినా అక్కడ కూడా సగానికి పైగా మగవారు తాగరు. పెళ్లిలో, దావత్‌లో తాగనివాళ్లు కంటికి ఆనరు, తాగినవాళ్లే కనబడతారు. పిల్లల అంచనా ఆ కనబడినదాన్ని బట్టే సాగుతుంది. ‘బీరు తాగుడు కిందికి రాదు’ అనే నమ్మకమూ అలా అంటుకున్నదే. 650 మిల్లీలీటర్ల సీసాలో 5 శాతం అంటే 32 మిల్లీలీటర్లకు పైగా ఆల్కహాల్. 60 మిల్లీలీటర్ల విస్కీ పెగ్గులో 42.8 శాతం లెక్కన అది 26 లోపే. 8 శాతం ఉండే స్ట్రాంగ్ బీరయితే ఒక్క సీసా అలాంటి రెండు పెగ్గుల పెట్టు. ఇంట్లో మన ముందే కాస్త రుచి చూపిస్తే బయట హద్దులో ఉంటాడని కొందరు తండ్రులు అనుకుంటారు. ఆస్ట్రేలియాలో దాదాపు రెండు వేలమంది పిల్లలను ఆరేళ్లు గమనించి 2018లో వెలువరించిన అధ్యయనంలో అలాంటి రక్షణ ఏదీ కనబడలేదు.

రూపం దగ్గరికి వస్తే తప్పంతా టీవీది, ఫోనుది అంటాం. ఫిజీ దీవుల్లోని నద్రోగాకు 1995లో టీవీ వచ్చింది. నిండైన ఒళ్లు మెచ్చే ఆ సమాజంలో పరిశోధకురాలు ఆన్ బెకర్ టీవీ వచ్చిన కొత్తలో ఒకసారి, 1998లో మరోసారి బడిలో చదివే అమ్మాయిలను పరీక్షించింది. తిండి పట్ల ప్రమాదకర ధోరణి ఉన్నవారు 12.7 నుంచి 29.2 శాతానికి పెరిగారు. సన్నబడాలని వాంతి చేసుకునేవారు మొదట ఒక్కరూ లేరు, తర్వాత 11.3 శాతం. అది టీవీ ప్రభావమే కదా, స్నేహితులకేం సంబంధం అనవచ్చు. 2011లో అదే బెకర్ బృందం ఫిజీలో చేసిన మరో అధ్యయనం దీనికి జవాబిచ్చింది: తాను చూడటంతో పోలిస్తే, స్నేహితులు చూసి మోసుకొచ్చినదే అమ్మాయిల తిండి సమస్యలతో ఎక్కువగా ముడిపడి ఉంది. ఇది ఆడపిల్లల బెంగే అనుకోవడమూ పొరపాటు. రంగు తేలుస్తానంటూ 1975లో మార్కెట్లోకి వచ్చిన క్రీమ్ ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో పేరు మార్చుకునేలోపే, 2005లో మగవారి కోసం ఫెయిర్ అండ్ హ్యాండ్‌సమ్ వచ్చేసింది. ‘బక్కోడా’ అని పిలిపించుకున్న అబ్బాయి జిమ్‌లో ఎవరో చెప్పిన కండలు పెంచే ఇంజెక్షన్ గురించి ఇంట్లో నోరు విప్పడు.

ఇంత జరుగుతుంటే స్నేహాలు తెంచేయడమే మేలు అనిపించడం సహజం. కానీ పరిశోధకురాలు డెనీస్ కాండెల్ 1978లోనే చూపినట్టు, స్నేహితులు ఒకరినొకరు మారుస్తారు, అంతే బలంగా తమలాంటివారినే ఎంచుకుంటారు కూడా. ఒకణ్ని తప్పిస్తే అలాంటివాడు మరొకడు దొరుకుతాడు. ఆష్ గదిలో ఒక్కడు నిజం చెప్పినా లొంగుబాటు బాగా పడిపోయింది, అంటే తట్టుకోవాలనుకునే పిల్లవాడికి కావలసిందీ తోటివాడే. చుట్టూ ఉన్న వాతావరణాన్నే మార్చి చూపిన చోటూ ఉంది. ఐస్‌లాండ్‌లో 15–16 ఏళ్లవారిలో అంతకుముందు నెలలో మత్తెక్కేలా తాగినవారు 1998లో 42 శాతం, 2016లో 5 శాతం. అక్కడి పెద్దలు రాత్రిపూట పిల్లలు బయట తిరిగే వేళలు కట్టడి చేశారు, ఆటలకూ సంగీతానికీ డబ్బు సాయం చేశారు, ఒక తరగతి తల్లిదండ్రులంతా కలిసి ఒకే నియమాలకు కట్టుబడేలా ఒప్పందాలు చేసుకున్నారు. చిన్న దేశం, ధనిక దేశం, మనకెలా కుదురుతుందన్న ప్రశ్న న్యాయమే. ప్రతి ఊరికీ క్రీడా మైదానం రేపే రాదు. కానీ రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మద్యం కొనే వయసు 21 అని చట్టం ఇప్పటికే ఉంది. ‘వాళ్లింట్లో ఒప్పుకున్నారు’ అనే మాటకు తావు లేకుండా, ఒక సెక్షన్ పిల్లల అమ్మానాన్నలు కూర్చుని, పుట్టినరోజు ట్రీట్ ఎన్నింటికి ముగియాలో, అక్కడ పెద్దవారు ఎవరు ఉండాలో మాట్లాడుకోవచ్చు. పెళ్లిలో ఎదురైన పిల్లను ‘ఏంటే ఇలా నల్లబడ్డావు?’ అనే బదులు ‘ఏం చదువుతున్నావు?’ అని పలకరించడం వచ్చే పెళ్లి నుంచే మొదలుపెట్టవచ్చు.